ముగ్గురాయి కడుపులో వెలుతురు

ఏమబ్బా, మంగంపేట అంటే మీకేం గుర్తొస్తాది? మీరేం చెప్తారో నాకు తెలుసులే. లారీలు. టార్పాలిన్లు కప్పుకొని కోడూరు రోడ్డెంబడి వరసగా పొయ్యే లారీలు. లేదంటే పల్వరైజింగ్ మిల్లులు, వాటి పొడి. ఇంగొంచెం లోకం తెలిసినోళ్లయితే గని నడిపే ఏపీఎండీసీ అంటారు, ఏ గ్రేడు అంటారు, చమురు బావులకు పోతాదంటారు. అంతేనా? అంతేనంటే నేనొప్పుకోను. మంగంపేట అంటే వెలుతురబ్బా! ఈ మాట మీద మీతో వాదం పెట్టుకోవాలనే ఈ పొద్దు గోడకాడికి వచ్చినా. చెనిక్కాయలుంటే పట్రాండి. ఇది రెండు మాటల్లో తెగేది కాదు.

ముందు మన మంగంపేట గని రాయి సంగతి. ముగ్గురాయి ముక్క ఒకటి చేతిలో పెట్టుకున్నారా ఎప్పుడన్నా? చూసేకి బూడిద రంగు, పెద్ద అందం ఏమీ లేదు. ఎత్తితే మాత్రం చెయ్యి కిందికి జారుతాది. నీళ్లకంటే నాలుగు రెట్లకు పైనే బరువు. మన నాపరాయి మూడు రెట్లు కూడా ఉండదు. ఆ బరువంతా లోపలుండే బేరియానిది. చమురు బావి తవ్వేటోళ్లు ఈ పొడిని బురదలో కలిపి బావిలోకి పోస్తారు, కిందనుంచి ఎగదన్నే గ్యాసును అది అదిమి పెడతాది. లోకమంతా మన రాయి కోసం ఎగబడేది అందుకే.

ఈ రాశి ఎట్ల పడిందంటే, వంద కోట్ల ఏళ్లకు ముందు మాట. పుల్లంపేట పలకరాళ్ల మధ్యన అగ్నిపర్వతాల పుణ్యాన చేరిందని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్తారు. గనిలో కొన్ని పొరల్లో ముగ్గురాయి చిన్న చిన్న గుండ్లుగా దొరుకుతాది. ఆ గుండును పగలగొట్టి చూడండి. నడిమధ్య నుంచి అంచులకు పలకలు పలకలుగా విచ్చుకొని ఉంటాది. నేను చెప్పబోయే కతంతా అట్లాంటి గుండుతోనే మొదలు. కాకుంటే ఆ గుండు మనది కాదు, ఇటలీది.

బొలోనియా అని ఒక ఊరు. 1602-03 ప్రాంతం. ఆడ విన్చెంజో కాషరోలో అని ఒకాయన. చెప్పులు కుట్టేది వృత్తి, రసవాదం పిచ్చి. ఊరి పక్కన పదెర్నో కొండలో బరువైన గుండ్రాళ్లు కనిపించినాయి. ఇంత బరువుందంటే లోపల బంగారమో వెండో ఉంటాదని ఆయన ఆశ. దంచినాడు, బొగ్గుతో కలిపి కాల్చినాడు. బంగారం రాలే. ఆ కాలిన బిళ్లను కొంచేపు ఎండలో పెట్టి చీకటి గదిలోకి తెస్తే నిప్పు లేకుండా, నూనె లేకుండా ఎర్రగా వెలిగింది! మనిషి చేత్తో చేసిన తొలి ఫాస్ఫర్, అంటే శక్తిని మింగి వెలుతురు కక్కే పదార్థం, అదేనంటారు. గెలీలియో కాలపు పండితులంతా దాని మీద కొట్లాడుకున్నారు. 1786లో గ్యోతే అంతటి కవి ఆ ఊరికి పోయి, పనిగట్టుకొని ఆ కొండెక్కి రాళ్లు ఏరుకొచ్చుకున్నాడు.

ఆ రాయేంది? ముగ్గురాయి. బేరియం సల్ఫేటు. కోడూరు లారీల్లో టన్నులకు టన్నులు పొయ్యేదదే! బొగ్గుతో కాలిస్తే సల్ఫేటులోని ఆక్సిజన్ పోయి బేరియం సల్ఫైడు మిగుల్తాది. ఆ వెలుగుకు అసలు కారణం రాయిలో కొసరుగా కలిసిన రాగి అని 2012లో ఫిన్లండ్ శాస్త్రజ్ఞుడు మికా లస్తుసారి బృందం తేల్చింది. నాలుగు వందల ఏళ్లు పట్టింది చూడండి, ఒక చెప్పులు కుట్టేటాయన పొయ్యిలో ఏం జరిగిందో తెలుసుకునేకి.

ఆగండాగండి, యాడికి లేస్తాండారు? పొయ్యి రాజెయ్యడానికా? వద్దు! ముగ్గురాయి కడుపులోకి పోయినా కరగదు, అందుకే ఆసుపత్రిలో పేగుల ఎక్స్‌రేకు ముందు రోగి చేత బేరియం తాగిస్తారు. కాలిన సల్ఫైడు మాత్రం విషం. పైగా తేమ తగిలితే కుళ్లిన గుడ్ల కంపు. మీ ఇంటి కాడ ఆ పని పెట్టుకుంటే మీ ఆయమ్మ నన్ను గోడ మీదనుంచి తోసేస్తాది.

బేరియానికి వెలుతురుతో చుట్టరికం ఆడితో అయిపోలా. 1895 నవంబరులో రాంట్‌గెన్ గదిలో, ట్యూబు చుట్టూ నల్ల అట్ట కప్పినా, పక్కనుండే తెర తళుక్కుమంది. ఎక్స్‌రేలు అట్ల బయటపడినాయి. ఆ తెరకు పూసింది బేరియం ప్లాటినోసైనైడు. ఇంట్లో పాత ట్యూబులైటు ఉందా? దాని తెల్ల పూతలో నీలం వంతు ఇచ్చేది కొన్నిటిలో బేరియం, మెగ్నీషియం, అల్యూమినియం కలిసిన ఫాస్ఫర్, కొసరుగా యూరోపియం. ఫిల్ము బదులు ఆసుపత్రుల్లోకి వచ్చిన ఎక్స్‌రే ప్లేట్లలో పూసేది బేరియం ఫ్లోరోబ్రోమైడు. ఇంగో తమాషా చెప్పనా? ఒక ఫాస్ఫర్ ఎంత వెలుగిస్తాందో కొలవాలంటే దాన్ని ఒక బోలు గోళంలో పెడతారు. వెలుతురంతా ఆ గోడలకు తగిలి తగిలి మీటరు కాడికి చేరాల, ఒక్క పిసరు కూడా గోడ మింగకూడదు. ఆ గోడలకు పూసే తెల్ల పూత శానా చోట్ల ఏందనుకుంటున్నారు? శుద్ధి చేసిన బేరియం సల్ఫేటే. వెలిగే పూతలోనూ బేరియమే, వెలుగును కొలిచేకి తోడు నిలబడే పూతలోనూ బేరియమే!

సరే, ఇప్పుడు అసలు మాట. వెలుతురు పుట్టించడం సగం పనేనబ్బా. పుట్టిన వెలుతురును రాయిలోనుంచి బయటికి రప్పించడం మిగతా సగం. ఈ రెండో సగం సంగతి ఎవురూ చెప్పరు. నాకు కోపమొచ్చేది ఆడే.

మీరు బాయిలో ఈత నేర్చుకున్నారా? నేర్చుకోకుండా ఎట్ల ఉంటార్లే, మన సీమ పిల్లోళ్లు. నీళ్ల కింద మునిగి, కండ్లు తెరిచి, మీదికి చూసినారా ఎప్పుడన్నా? ఆకాశమంతా నెత్తి మీద ఒక గుండ్రటి కిటికీలో ఇమిడిపోయి కనపడతాది. ఆ గుండ్రం దాటి పక్కకు చూస్తే ఆకాశం లేదు. నీళ్ల పైముఖమే అద్దమై, బాయి గోడల రాళ్లను తిప్పి చూపిస్తాది. పదో తరగతి భౌతికశాస్త్రం సార్ చెప్పినాడు గదా, సంపూర్ణాంతర పరావర్తనం, సందిగ్ధ కోణం. నీళ్లకు ఆ కోణం 49 డిగ్రీలు. అంతకంటే వాలుగా పోయి పైముఖానికి తగిలిన వెలుతురు బయటికి పోదు, వెనక్కే వస్తాది.

నీళ్ల వక్రీభవన గుణకం 1.33 గాబట్టి కిటికీ అంత పెద్దది. ఫాస్ఫర్లు, ఎక్స్‌రేను వెలుతురుగా మార్చే సింటిలేటర్ స్ఫటికాలు అట్ల కాదు, వాటి గుణకం ఇంగా ఎక్కువ. తెల్ల ఎల్‌ఈడీలో వాడే యాగ్ అనే స్ఫటికం గుణకం 1.83. ఈ యాగ్ మీరు చూసే ఉంటారు. ఎల్‌ఈడీ బల్బును స్విచ్ ఆపి, మూత తీసి చూడండి, లోపల పసుప్పచ్చ గడులు కనపడతాయి. ఆ గడి కింద నీలం చిప్పు ఉంటాది. సీరియం కలిపిన ఆ పసుపు పూత నీలాన్ని కొంత మింగి పసుపు కక్కుతాది. రెండూ కలిసి మన కంటికి తెలుపు. 2014లో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని ఊడ్చిపెట్టిన తరవాత ఆ ఊరి వీధుల్లో తొంభై వేల పైచిలుకు ఎల్‌ఈడీ దీపాలు పెట్టినారు. ప్రతి దీపంలోనూ ఇట్లాంటి పసుపు పూతే.

ఇప్పుడు యాగ్‌తో నున్నగా సానబెట్టిన ఒక చిన్న దిమ్మె చేసినామనుకోండి. కార్ల హెడ్‌లైట్లలో, ప్రొజెక్టర్లలో పొడి బదులు కొన్నిట్లో గట్టి పలకలే పెడతాండారు ఇప్పుడు. దిమ్మె లోపల వెలుతురు అన్ని దిక్కులా పుడతాది. గుణకం 1.83 అయితే సందిగ్ధ కోణం 33 డిగ్రీలే. లెక్క కట్టండి: ఒక ముఖం కిటికీలోనుంచి బయటపడేది నూటికి 8 పాళ్లు. ఆరు ముఖాలు కలిపినా 49. మిగతా 51 పాళ్లు? ఏ ముఖానికి తగిలినా వెనక్కే. గోడనుంచి గోడకు కొట్టుకుంటా, కొట్టుకుంటా, యాడో ఒక మలినం మింగేస్తే వేడైపోతాది. సగానికి సగం! పైగా ఎక్స్‌రే తెరకు మనకు కావలసింది ఒక్క ముఖమే, కెమెరా ఉండే వైపు. మనకే సాగునీటి కాలవలో సగం నీళ్లు ఇంకిపోతే ఊరుకుంటామా? కలెక్టరాఫీసు ముందర కూచోమూ? మరి ఈ వెలుతురు కోసం ఎవురు కూచోవాల?

కూచున్నోళ్లు ఉండారు, సంతోషం. వాళ్లు కనిపెట్టిన ఉపాయం విని మురిసిపోండి: ముఖం నున్నగా ఉండకూడదు. కంటికి కనపడనంత చిన్న చిన్న బొడిపెలు పెట్టాల.

ఎంత చిన్నవి? వెలుతురు అల పొడుగు 400 నుంచి 700 నానోమీటర్లు. బొడిపెల కొలత దాని చుట్టుపక్కలే ఉండాల. మన తల వెంట్రుక అడ్డకొలతలో 500 నానోమీటర్ల బొడిపెలు నూటయాబై దాకా పడతాయి.

ఈడ రెండు రకాల మాయలుండాయి, కలగాపులగం చెయ్యొద్దండి. బొడిపెలు అలకంటే బాగా చిన్నవి, 200 నానోమీటర్లు అనుకుందాం. అప్పుడు వెలుతురుకు ఒక్కో బొడిపె విడిగా తెలీదు. రాయి పల్చబడతా, పల్చబడతా గాలైపోయినట్టే దానికి అనిపిస్తాది. ఇది రాయి, ఇది గాలి అనే హద్దే లేనప్పుడు దేనికి తగిలి వెనక్కి తిరగాల? కిటికీలోకి వచ్చి కూడా నూటికి ఎనిమిది, తొమ్మిది పాళ్లు తిరిగిపొయ్యే వెలుతురు అట్ల బయటపడతాది. రెండో రకం ఇంగా గట్టిది. బొడిపెలు అలంత దూరంలో వరసగా ఉంటే వివర్తనం మొదలవుతాది. వాలుగా వచ్చి వెనక్కి పోవలసిన కిరణాన్ని ఆ వరసలు మళ్లించి కిటికీలోకి తోస్తాయి. ఒకసారి తప్పితే మల్ల రెండోసారి తగిలినప్పుడు ఇంగో అవకాశం. జైల్లో ఉన్న ఆ 51 పాళ్లకు విడుదల ఈ దారిలోనే.

మరి అంత చిన్న బొడిపెలు ఎట్ల పెడతారు, ఏ ఉలితో? ఈడే నాకు ఒళ్లు పులకరిస్తాది. ఉలి అక్కరలేని పద్ధతి ఒకటుంది. ప్లాస్టిక్‌లో పాలిస్టైరీన్ అని ఉంటాది గదా, దానితో అర మైక్రాను గుండ్లు చేస్తారు. అన్నీ ఒకే కొలత. వాటిని నీళ్ల మీద తేలవిడుస్తారు. ఒకదానికొకటి ఆనుకొని, ఎవురూ చెప్పకుండానే, ఒక్క పొరగా సర్దుకుంటాయి. ఒక వరస గుండు పక్క వరసలో రెండు గుండ్ల సందులోకి పోతాది. చూసినారా ఎప్పుడన్నా మీరిది? ప్రతి సంక్రాంతికీ చూస్తాండారబ్బా! సందు చుక్కల ముగ్గు. మీ వాకిట్లో ఆడబిడ్డలు పదిహేను చుక్కలు పెట్టి, దాని పైన సందు చూసుకొని పద్నాలుగు పెట్టి, ఎనిమిది దాకా తెస్తారే, అచ్చం ఆ అమరికే, ఆరు మూలలదే. నీళ్ల మీద ఆ పొర సర్దుకున్నప్పుడు వెలుతురు పడితే రంగులు రంగులుగా మెరుస్తాది. అప్పుడు కిందనుంచి స్ఫటికాన్ని నిదానంగా లేపితే ముగ్గు దాని మీదికి ఎక్కి కూచుంటాది. మీద టైటానియం డైఆక్సైడ్ సన్నగా పట్టిస్తే గట్టిపడతాది. షాంఘైలో టోంగ్జీ విశ్వవిద్యాలయమోళ్లు ఈ పద్ధతిని సింటిలేటర్ల మీద శానా ఏళ్లుగా సాగిస్తాండారు.

టైటానియం డైఆక్సైడే ఎందుకంటారా? మంచి ప్రశ్న, అడిగినందుకు ఇంగో చెనిక్కాయ. బొడిపె గుణకం రాయి గుణకానికి దగ్గరగానో ఎక్కువగానో ఉండాల. మెత్తని ప్లాస్టిక్ బొడిపె అయితే రాయిలో వెలుతురు శానా భాగం దానిలోకే రాదు, కింది హద్దులోనే తిరిగిపోతాది. టైటానియం డైఆక్సైడుది రెండుకు పైనే, సరిపోతాది.

ఈ ఆలోచన మనుషులకు యాడనుంచి వచ్చిందో చెప్పలేదు గదా. రెక్కల పురుగుల నుంచి. దీపం చుట్టూ తిరిగే రాత్రి పురుగు కన్ను చూసినారా, అసలు మెరవదు. మెరిస్తే పిట్టకు దొరికిపోతాది. పైగా చీకట్లో దొరికే కొంచెం వెలుతురు కూడా వెనక్కి పోకూడదు. ఆ కంటి మీద 200 నానోమీటర్ల బొడిపెలుండాయని 1962లో స్వీడన్‌కు చెందిన బెర్న్‌హార్డ్, ఆయనతో మిల్లర్ చూపించినారు. 1973లో బ్రిటన్‌లో క్లాఫమ్, హట్లీ అట్లాంటివి చేత్తో చేసి చూపించినారు. అదే 1962లోనే ఇంగో గొప్ప పని జరిగింది. యూరోపియం లాంటి అరుదైన మృత్తికల నుంచి వెలుతురు ఎంత జోరుగా వస్తాదో లెక్కగట్టే సూత్రాన్ని జడ్, ఓఫెల్ట్ అనే ఇద్దరు, ఒకరికి తెలీకుండా ఒకరు, ఒకే ఏడు ప్రకటించినారు. ఆ సూత్రాన్ని రోజూ నమిలి మింగేటోళ్లు మనకు శానా దూరంలో లేరు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగంలో ఆచార్య సి.కె. జయశంకర్ బృందం నియోడిమియం, యూరోపియం, డిస్ప్రోసియం కలిపిన గాజులు పోసి, వాటి వెలుగును ఈ సూత్రంతోనే లెక్కగట్టి లోకమంతా చదివే వ్యాసాలు రాసింది. కోడూరులో రైలెక్కితే ఎంతసేపబ్బా తిరుపతి!

మిణుగురును మరిచిపోతే పాపం తగుల్తాది. బెల్జియంలో నామూర్ విశ్వవిద్యాలయంలో జాన్-పోల్ విన్యరాన్ బృందం ఫోటూరిస్ అనే జాతి మిణుగురు పొట్టను సూక్ష్మదర్శినిలో చూసింది. దాని పొట్ట మీది పొలుసులు నున్నగా అతకలేదు, ఒక అంచు లేచి, మెట్టు మెట్టుగా ఉండాయి. ఆ మెట్లకాడే వెలుతురు ఎక్కువగా బయటికి వస్తాంది. అదే ఆకారాన్ని ఒక ఎల్‌ఈడీ మీద పోసి చూస్తే వెలుతురు నూటికి 55 దాకా పెరిగింది. 2013 మాట ఇది. ఆ మెట్లు నానో కాదు, మైక్రాన్ల లెక్క. అయినా ఒప్పుకోవాల, పురుగు మనకంటే ముందే ఈ చిక్కు విప్పుకునింది.

ఎక్స్‌రే తెరల సంగతికొస్తే, 2012లో అమెరికాలో యాషా యీ బృందం లుటీషియం సింటిలేటర్ మీద రాత్రి పురుగు కంటి మాదిరి బొడిపెలు పెట్టి, వెలుతురు నూటికి 175 దాకా పెంచినామని చెప్పింది. 2022లో ఎంఐటీలో చార్లెస్ రోక్-కార్మ్, మారిన్ సొల్యాచిచ్ వాళ్లు సింటిలేటర్ మీద నానో గుంతలు చెక్కి పదింతల వెలుగు చూసినారు. వెలుతురు ఎక్కువొస్తే ఏం లాభం? ఎక్స్‌రే తక్కువ సరిపోతాది. అదే చిత్రం, ఒంటికి తగిలే కిరణం తక్కువ. మన పక్క నుంచి తిరుపతికో, వేలూరుకో స్కానింగులకు పొయ్యే పిల్లోళ్లను తలుచుకుంటే ఈ బొడిపెల మీద నాకెంత ప్రేమ ఉంటాదో మీకే తెలుస్తాది.

అయితే 175 అనే అంకె చూసి రేపే మన ఆసుపత్రి మెషిన్లన్నీ దానంతటవే మెరుగైపోతాయనుకోకండి. నిజం స్కానర్లలో స్ఫటికాన్ని సెన్సారుకు గాలి లేకుండా జిగురుతో అతికిస్తారు. జిగురు గుణకం 1.5 దగ్గర. అంటే కిటికీ ముందే కొంత పెద్దదై ఉంటాది, బొడిపెలు అదనంగా ఇచ్చే లాభం ఆ మేరకు తగ్గుతాది. అంకె చదివేటప్పుడు పక్కన గాలి ఉందా, జిగురు ఉందా అని అడగాల. ముగ్గురాయి కొనేటోడు ఏ గ్రేడా, సీ గ్రేడా అని అడక్కుండా కొంటాడా?

మరి ట్యూబులైటు సంగతేంది, దాని మీద ఈ బొడిపెలెందుకు పెట్టలేదంటారా? అక్కరలేదు గాబట్టి. అది పొడి. రేణువులు ఎట్లపడితే అట్ల పడి ఉంటాయి, వెలుతురు ఒకదానికి తగిలి ఇంగోదాంట్లో దూరి ఎట్లో బయటపడతాది. నున్నగా, తళతళలాడే దిమ్మె అయినప్పుడే ఈ జైలు. పొడిలో మాత్రం వెలుతురు చెల్లాచెదురై చిత్రం మసకబారుతాది, అందుకే ఎక్స్‌రే చిత్రం బాగా స్పష్టంగా రావాలంటే దిమ్మె మేలు. బొడిపెలుంటే దిమ్మె స్పష్టతా మిగుల్తాది, వెలుతురూ వస్తాది. రెండూ కావాలనే ఆశ ఉన్నోళ్ల పని ఇది, నాకు నచ్చేది అందుకే.

ఇంగేమన్నా అడగాలనుందా? అబ్బో, మీ ఆయమ్మ అడుగుతాంది గోడవతల నుంచి: అంత సన్నటి బొడిపెల్లో దుమ్ము పడితే తుడిచేదెట్ల అని. తుడవకూడదు తల్లీ, వేలు పెడితేనే మూసుకుపోతాయి. స్కానర్లోనయితే చీకటి డబ్బాలో, సెన్సారుకు అతుక్కొని ఉంటాయి, మీ గుడ్డ ఆడికి పోదులే. హెడ్‌లైట్లోనయినా గాజు వెనక భద్రం. చెనిక్కాయల పొట్టు మాత్రం ఈడ గోడ మీద ఇంత పడింది, అది నేనే తీస్తా.